బరంపురం పాత వీధుల నుంచి వచ్చిన ప్రశ్నలు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి, అందులోనూ బరంపురం పాత పట్టణంలోని నేతగాళ్ల వీధుల నుంచి వచ్చాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ పట్టణానికే ఇస్తున్నాము. రాసినవారి పేర్లు తీసివేసి, ప్రశ్నలను కొంత కుదించాము.

ప్రశ్న: మాది పెద్ద బజారు దగ్గర మామగారి తండ్రి నాటి పెంకుటిల్లు. పక్కింటికీ మాకూ మధ్య ఒకే గోడ. పక్కవారు తమ ఇల్లు పడగొట్టి మూడంతస్తుల మేడ కట్టడానికి పని మొదలుపెట్టారు. గోడ బీటలు వారింది. అడిగితే గోడ తమదేననీ, మాకు హక్కుంటే కాగితం చూపించమనీ అంటున్నారు. మా దగ్గర ఉన్న దస్తావేజు 1920ల నాటిది, పూర్తిగా తెలుగులో ఉంది. ఇక్కడి కార్యాలయంలో దాన్ని చదవగలిగినవారు లేరు. మావారు పోయి నాలుగేళ్లయింది. నేనేమి చేయాలి?

జవాబు: అమ్మా, ముందు గోడ సంగతి చూడండి, దస్తావేజు సంగతి ఆ తరువాత. ఈ రోజే ప్రతి పగులునూ ఫోటో తీయించి, తేదీ కనిపించేలా భద్రపరచండి. పగులుకు అడ్డంగా ఒక చిన్న గాజుముక్కను రెండు వైపులా ప్లాస్టరుతో అతికించి, పక్కనే గోడ మీద తేదీ రాయించండి. గోడ ఇంకా కదులుతుంటే ఆ గాజు విరుగుతుంది, కదలిక ఆగిపోతే నిలుస్తుంది. ఇది మేస్త్రీలందరికీ తెలిసిన పాత పద్ధతే, రేపు ఎవరి ముందు మాట్లాడవలసి వచ్చినా మీ మాటకు బలమైన సాక్ష్యం అవుతుంది. గోడ వంగినట్టు కనిపిస్తే మాత్రం ఏ కాగితం కోసమూ ఎదురుచూడకుండా, సరుగుడు బాదులతో పోట్లు పెట్టించి, ఆ గదిలో పడుకోవడం మానండి.

ఇక హక్కు విషయం. పక్కవారి ఆస్తి మీద మనకు ఉండే వాడుక హక్కులను చెప్పే సౌకర్య హక్కుల చట్టం 1882లో వచ్చినప్పుడు దేశమంతటికీ వర్తించలేదు. మొదట వర్తించిన ప్రాంతాలలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, గంజాం అప్పుడు అందులోనే ఉండేది. ఒక కట్టడం పక్కవారి కట్టడం మీద ఆనుకొని 20 సంవత్సరాలు ఎవరి అభ్యంతరమూ లేకుండా నిలిచి ఉంటే, ఆ ఆనుకునే హక్కు దానికి సంక్రమిస్తుందని ఆ చట్టం చెబుతుంది. మీ ఇల్లు నిలిచింది 20 ఏళ్లు కాదు, నాలుగు తరాలు. కాబట్టి గోడ పక్కవారిదే అని వాదన కోసం ఒప్పుకున్నా, మీ దూలాలు మోస్తున్న గోడను మీ ఇంటికి ఆధారం లేకుండా పడగొట్టే స్వేచ్ఛ వారికి రాదు. పక్కవారు కట్టుకోవద్దని మీరు అనడం లేదు, అనకండి కూడా. పునాది తవ్వేముందు మీ గోడకు ఆధారం కల్పించాలని, జరిగిన నష్టాన్ని సరిచేయాలని అడగండి. ఆ మేడకు అనుమతి ఉన్నదో లేదో, ఉంటే ఆమోదించిన పటంలో ఉమ్మడి గోడను ఎలా చూపారో నగరపాలక సంస్థలోను, అభివృద్ధి ప్రాధికార సంస్థలోను తెలుసుకోవచ్చు. పని ఆగకపోతే సివిల్ కోర్టులో తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు కోరవలసి వస్తుంది. న్యాయవాది ఖర్చుకు భయపడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉన్నది, కోర్టు ఆవరణలోనే న్యాయసేవా సంస్థ కార్యాలయం ఉంటుంది.

మీ దస్తావేజు తెలుగులో ఉండడం దాని లోపం కాదు. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది గనుక, తెలుగువారి మధ్య జరిగిన క్రయాలు, పంపకాలు తెలుగులో రాసుకోవడం సహజంగానే జరిగింది. ఆ పత్రం చివర ఉండే చెక్కుబందిని, అంటే నాలుగు హద్దుల వివరాన్ని, ఒకసారి మీ పిల్లల చేత బయటికి చదివించుకోండి. తూర్పున ఎవరి ఇల్లు, దక్షిణాన ఏ వీధి, ఏ గోడ ఉమ్మడి, ఏ గోడ సొంతం అన్న మాటలు చాలా పాత పత్రాలలో స్పష్టంగా ఉంటాయి. మీ తగాదాకు కావలసిన జవాబు అందులోనే ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని ఒడియాలోకి అనువదింపజేసి, నోటరీ ధృవీకరణతో జతచేయండి. పత్రం రిజిస్టరు అయినదైతే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము చెల్లించి ధృవీకరించిన నకలు తీసుకోండి, ఎందుకంటే అసలు పత్రం ఒక్కటే ఉండగా దాన్ని చేతుల్లో పట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరగడం ప్రమాదం. 30 సంవత్సరాలు దాటిన పత్రం సక్రమమైన చోటి నుంచి, అంటే సహజంగా ఉండవలసిన వారి దగ్గర నుంచి వస్తే, అందులోని సంతకాలు నిజమైనవేనని కోర్టు భావించవచ్చు. ఆనాటి సాక్షులు ఇప్పుడు లేరన్న కారణంతో మీ పత్రం చెల్లకుండా పోదు.

మరొక పని ఇంకా మిగిలి ఉందని మీ ఉత్తరాన్ని బట్టి అనుమానిస్తున్నాను. ఇల్లు ఇప్పటికీ మామగారి తండ్రి పేరునే ఉన్నట్టున్నది. ఒడిశా ప్రభుత్వపు భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఎవరి పేరు ఉన్నదో చూసి, వారసులందరి వివరాలతో తహసీల్దారు దగ్గర మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పుకు, దరఖాస్తు చేయండి. హోల్డింగు పన్ను (ఇంటి పన్ను) రసీదులు ఎన్నేళ్లవి దొరికితే అన్నీ జతచేయండి. పాత వీధుల్లో సగం తగాదాలు బయటివారితో కాక, పేరు మారని కాగితాల వల్ల ఇంట్లోవారి మధ్యనే పుడుతున్నాయని ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు చూస్తే నాకు అనిపిస్తున్నది.

చివరగా, గోడను బాగుచేయించేటప్పుడు పగుళ్లలో సిమెంటు కూరనివ్వకండి. మీ గోడ సున్నంతో గానీ మట్టితో గానీ కట్టినదై ఉంటుంది. అటువంటి గోడ వానాకాలంలో చెమ్మ పీల్చి, ఎండలో విడిచిపెడుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకొని ఇటుకను తినివేస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టమే అయినా, వెతికించండి.

ప్రశ్న: మా వీధి సమస్యల మీద తెలుగులో అర్జీ పెడితే తీసుకుంటారా? ఒడియా మాట్లాడగలను గాని రాయడం రాదు.

జవాబు: ఏ వ్యక్తి అయినా తన ఇబ్బంది తీర్చమని కేంద్రానికి గానీ రాష్ట్రానికి గానీ చెందిన ఏ అధికారికైనా, దేశంలో లేదా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకోవచ్చునని రాజ్యాంగంలోని 350వ అధికరణం చెబుతుంది. కనుక తెలుగు అర్జీ తీసుకోము అనడానికి వీలు లేదు. అయితే పని త్వరగా కావాలంటే, తెలుగు ప్రతి వెనుక ఒడియా ప్రతిని కూడా జతచేయమని నా సలహా. మీ వీధిలో ఒడియాలో చదువుకున్న పిల్లలు తప్పక ఉంటారు, వారి చేత రాయించండి. సమాచార హక్కు దరఖాస్తు విషయం మాత్రం వేరు. 2005 నాటి ఆ చట్టం ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాష అనే మూడింటినే పేర్కొంటుంది. కాబట్టి దాన్ని ఒడియాలో ఇవ్వండి. అర్జీ ఏ భాషలో ఉన్నా స్వీకరించిన తేదీ, ముద్ర ఉన్న రసీదు లేకుండా ఇంటికి రావద్దు.

ప్రశ్న: మా నాన్నగారి కాలంలో మా అరుగుకు మూడు మెట్లు ఉండేవి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదనే కొత్త పొర పోస్తున్నారు. వాన పడితే మురుగు కాలువ నీళ్లు గుంట మగ్గంలోకి దిగుతున్నాయి. మగ్గం నానిపోతే మా జీవనమే పోతుంది.

జవాబు: ఇది మీ ఒక్క వీధి కష్టం కాదు, పాత పట్టణాలన్నిటా ఇదే జరుగుతున్నది. కానీ గుంట మగ్గం ఉన్న ఇంట్లో దాని ఫలితం మరీ క్రూరంగా ఉంటుంది. నేత పనివాడు కాళ్లు పెట్టుకునే గొయ్యి నేలమట్టానికి దిగువన ఉంటుంది గనుక, వీధి ఒక జానెడు పెరిగితే నీరు వెతుక్కుంటూ వచ్చే మొదటి చోటు అదే. బరంపురం పట్టుకు, దాని గుడిగోపురపు అంచుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) తెచ్చుకున్నామని గర్వపడుతున్నాం. ఆ చీర నేసే గొయ్యిలోకి మురుగు రాకుండా చూడడం కూడా ఆ గర్వంలో భాగం కావాలి.

కొత్త పొర వేసే ముందు పాత పొరను గీకి తీసివేయడం ఇప్పుడు యంత్రాలతో సులభంగా జరిగే పని, దాన్ని మిల్లింగ్ అంటారు. పని మొదలైన తరువాత రోడ్డు మీద నిలబడి గొడవ పడితే లాభం ఉండదు. గుత్తేదారు అంచనాలో లేని పని చేయడు. కాబట్టి మీ వీధికి రోడ్డు మంజూరైందని తెలిసిన వెంటనే, ఆ పని అంచనా పత్రం నకలు, అందులో పాత పొర తొలగింపు ఉన్నదో లేదో, పూర్తయ్యాక రోడ్డు మట్టం ఎంత ఉండాలో సమాచార హక్కు కింద అడగండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఆ చట్టంలోనే చాలామందికి తెలియని మరో వెసులుబాటు ఉన్నది. జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనాను ధృవీకరణతో తీసుకోవడానికి కూడా పౌరుడికి హక్కు ఇచ్చారు. మట్టం సంగతి తేలేదాకా మీ గడప దగ్గర ఒక ఇటుక వరుస కట్టుకోండి. కాలువలోంచి తీసిన పూడికను గట్టుమీదనే కుప్పగా వదిలివేస్తే మొదటి వానకే అది తిరిగి కాలువలో చేరుతుంది గనుక, తీసిన రోజునే ఎత్తించే షరతు పని ఉత్తర్వులో ఉండాలని మీ వార్డు సభ్యుడి చేత రాయించండి. జూన్‌లో ఒకసారి పూడిక తీసి ఊరుకోవడం మన తీరానికి చాలదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది మన పక్కనున్న గోపాలపురం దగ్గరే. ఇక్కడ పెద్ద వానలు వర్షాకాలం ముగిసిందనుకున్న తరువాత కూడా వస్తాయి. దసరాకు ముందు రెండోసారి తీయించమని అడగండి.

ప్రశ్న: ఠాకురాణి యాత్ర రోజుల్లో మా వీధిలో అర్ధరాత్రి దాటినా మైకులు ఆగవు. మా అమ్మకు గుండె జబ్బు. మైకు తగ్గించమని అడిగితే అమ్మవారికి వ్యతిరేకినని అన్నారు. నేను ఈ వీధిలోనే పుట్టాను. ఆ మాట చాలా బాధించింది.

జవాబు: బాబూ, మీ బాధ నాకు అర్థమైంది. యాత్ర గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. బుఢీ ఠాకురాణి బరంపురం ఊరి దేవత. ఏడాది విడిచి ఏడాది చైత్రమాసంలో ఆమె తన గుడి నుంచి దేశీ బెహెరా వీధిలోని తాత్కాలిక నివాసానికి వస్తుంది. ఒడియాలో దేరా అని పిలిచే తెలుగు నేతగాళ్ల కులపెద్దే దేశీ బెహెరా. ఆయన ఇల్లు అమ్మవారికి పుట్టిల్లు, ఆమె ఆ ఇంటి ఆడపడుచు. దాదాపు నెల రోజుల పాటు సాయంకాలం ఘటాలు వీధులు తిరుగుతాయి. మొక్కుకున్నవారు పులి మొదలైన వేషాలు కడతారు. ఒక్కొక్క వీధివారు పురాణ కథలతో రథాలు అలంకరిస్తారు. ఒడియావారు, తెలుగువారు అన్న తేడా ఆ నెల రోజులూ ఊరిలో కనిపించదు.

పుట్టింటికి వచ్చిన ఆడపడుచు ఆ ఇంట్లో ఒక ముసలితల్లి నిద్ర చెడాలని కోరుకుంటుందా? ఈ మాటను మీ వీధి పెద్దలతో నా మాటగా చెప్పండి. యాత్ర ఘటానిదీ, డప్పుదీ, వేషానిదీ. మైకు మన తాతల తరువాత వచ్చిన వస్తువు.

చట్టం కూడా మీ పక్షాననే ఉన్నది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో మైకు వాడకూడదు. పండుగల సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు, అదికూడా సంవత్సరం మొత్తం మీద 15 రోజులకు మించకుండా. యాత్ర అంతకంటే ఎక్కువ రోజులు సాగుతుంది గనుక, యాత్ర పొడుగునా రాత్రి మైకుకు అనుమతి ఉండే అవకాశమే లేదు. నివాస ప్రాంతంలో రాత్రి శబ్ద పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55. అయితే యాత్ర నడిమధ్యలో పోలీసులను పిలిస్తే వీధిలో మనస్పర్థలు మిగులుతాయి. 2025 తరువాత 2027లో రావలసిన యాత్రకు ఇంకా ఏర్పాట్లు మొదలుకాక ముందే, వీధి పెద్దలు కూర్చునే సమావేశంలో మీ అమ్మగారి వంటి వృద్ధులున్న ఇళ్ల జాబితా ఇవ్వండి, ఆ ఇళ్ల వైపు మైకు ముఖం తిప్పకూడదని రాతపూర్వకంగా ఒప్పందం చేయించండి. అదే సమావేశంలో రథాల మీది విద్యుద్దీపాల తీగలను అర్హత ఉన్న పనివాడు పరీక్షించాలన్న మాట కూడా ఎత్తండి. కర్ర, గుడ్డ, కాగితంతో కట్టిన రథం ఇరుకు వీధిలో అంటుకుంటే అగ్నిమాపక వాహనం లోపలికి రాలేదు.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా గుడి మలుపులో పూలు అమ్ముకుంటున్నాను. వీధి వెడల్పు చేస్తాము, రేపటి నుంచి కూర్చోవద్దు అని నోటితో చెప్పి వెళ్లారు. (మనవరాలి చేత రాయించాను.)

జవాబు: అమ్మా, నోటిమాట చాలదు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. వ్యాపారులందరి సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదని అందులో ఉన్నది. ఆ తరువాత తొలగించాలన్నా, వేరేచోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారుల విషయాలు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలు. మీ పేరు సర్వేలో ఎక్కిందో లేదో నగరపాలక సంస్థలో అడగమని మనవరాలిని పంపండి. ఎక్కకపోతే అక్కడ ఎన్నేళ్లుగా కూర్చుంటున్నారో చుట్టుపక్కల దుకాణదారుల చేత రాయించి, సంతకాలతో ఇవ్వండి. బుట్ట తీసుకుపోతే వస్తువుల జాబితా, రసీదు ఇమ్మని అడగండి, అదీ చట్టంలో ఉన్నదే.

ప్రశ్న: మా పేటలోని తెలుగు ప్రాథమిక పాఠశాలలో ఇప్పుడు 27 మంది పిల్లలే మిగిలారు. పాఠ్యపుస్తకాలు ఆగస్టు దాకా రాలేదు. ఉన్న ఒక్క తెలుగు ఉపాధ్యాయురాలు పదవీ విరమణ చేయబోతున్నారు. తరువాత ఒడియా బడిలో కలిపేస్తారని అంటున్నారు. మేము చేయగలిగింది ఏమైనా ఉన్నదా?

జవాబు: ఉన్నది, కానీ సమయం తక్కువగా ఉన్నది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సదుపాయం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని 350-ఎ అధికరణం చెబుతుంది. ఎంతమంది ఉంటే ఉపాధ్యాయుడిని ఇవ్వాలన్న విషయంలో 1949లో జరిగిన విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది. బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఆ భాష పిల్లలుంటే చాలు. మీకు 27 మందే ఉన్నారని దిగులుపడకండి. రెండో కొలత ఏదో ఒక తరగతిలో అందుతుందేమో చూడండి. ఒకటో తరగతిలో 10 మంది పిల్లలు చేరితే మీ అర్జీకి ఆధారం దొరుకుతుంది. అందుకు మీ పేటలో బడిలో చేరే వయసుకు వస్తున్న పిల్లలున్న తెలుగు ఇళ్లకు వెళ్లి, చేరికలు మొదలయ్యే నెలలకు ముందే తల్లిదండ్రుల చేత రాతపూర్వకంగా కోరిక తీసుకోండి. పిల్లవాడి మాతృభాష అన్న గడిలో తెలుగు అని రాయించడం మరవకండి. చేరికప్పుడు ఆ గడిని తొందరలో వేరేలా నింపితే లెక్కలో మీ బిడ్డ తెలుగు బిడ్డ కాకుండా పోతాడు.

ఇదంతా చదివి ఒడియాకు వ్యతిరేకంగా ఉద్యమం అనుకోవద్దు. మన పిల్లలకు ఒడియా బాగా రావాలి, ఉద్యోగానికీ పొరుగుకూ అది కావాలి. చదవడం, కూడడం మొదటిసారి నేర్చుకునే నాలుగైదు ఏళ్లు ఇంటి మాటలో జరిగితే ఆ తరువాతి భాషలు తేలికగా వస్తాయన్నదే నా పట్టుదల. దీనికి మన ప్రాంతంలోనే ఒక నిదర్శనం ఉన్నది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి గారు కొండ మీది సవరల భాషను తాను నేర్చుకొని, సవర పిల్లలకు సవరలోనే బడి పెట్టి, పుస్తకాలు రాశారు. తన భాష కాని భాషలో చదువు మొదలుపెడితే పిల్లవాడు ఎలా మూగబోతాడో ఆయన వందేళ్ల కిందటే చూశారు.

ఉపాధ్యాయురాలి విరమణ తేదీకి కనీసం ఆరు నెలల ముందు ఖాళీ భర్తీకి అర్జీ పెట్టండి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు. ఆ కమిటీ తీర్మానంతో వెళ్లే అర్జీకి విడి ఉత్తరాలకు లేని విలువ ఉంటుంది. తీర్మానంలో పుస్తకాలు ఏ తేదీన రావలసి ఉండగా ఏ తేదీన వచ్చాయో, ఏ తరగతికి ఎన్ని తక్కువయ్యాయో రాయండి. జిల్లా విద్యాధికారి నుంచి జవాబు రాకపోతే భాషా అల్పసంఖ్యాక వర్గాల కమిషనరుకు నకలు పంపవచ్చు. 350-బి అధికరణం కింద 1957లో ఏర్పడిన ఆ పదవి నివేదికలు పార్లమెంటు ముందుకు వెళతాయి. పుస్తకాలు ఆలస్యమైన ఈ మధ్యకాలంలో, పై తరగతికి వెళ్లిన పిల్లల పాత పుస్తకాలను వేసవి సెలవుల్లోనే ఇంటింటా సేకరించి బడి బీరువాలో పెట్టించండి.